పొగశుద్ధి పెట్టె – పౌరుని కర్తవ్యము

జహీరాబాదు పట్టణమునకు మోటారు బండ్లు క్రొత్తవి కావు. ఆల్విన్ నిస్సాను బండ్లు ఇచ్చటనే తయారయ్యెను. పిమ్మట ఆ కర్మాగారము మహీంద్రావారి చేతికి వచ్చెను. 2013లో వారే ఇచ్చట ట్రాక్టరుల కర్మాగారమును గూడ నెలకొల్పిరి. హైదరాబాదునుండి పూనాకు పోవు 65వ జాతీయ రహదారి మనకు ప్రక్కనే యున్నది. ఇట్టి యూరిలో సైతము, కారు పొగగొట్టమున అమర్చిన యొక చిన్న పెట్టెను గూర్చి జనులు ఏమియు నెఱుగక ధనమును, ఆరోగ్యమును గోల్పోవుచుండుట శోచనీయము. ఆ పెట్టెనే క్యాటలిటిక్ కన్వర్టరు అందురు.

ఇంజనులో పెట్రోలు మండినపుడు కార్బన్ మోనాక్సైడు, పూర్తిగా కాలని హైడ్రోకార్బనులు, నైట్రోజను ఆక్సైడులు పుట్టును. పెట్టెలో తేనెపట్టువలె సన్నని రంధ్రములు గల పింగాణి దిమ్మె యొకటి యుండును. దానిపై ప్లాటినము, పల్లాడియము, రోడియము అను లోహముల పలుచని పూత కలదు. ఈ లోహములు తాము తఱుగకయే విషవాయువులను బొగ్గుపులుసు వాయువుగను, నీటియావిరిగను, నైట్రోజనుగను మార్చును. మన దేశమున 1995 ఏప్రిల్ 1వ తేదీనుండి నాలుగు మహానగరములలోని క్రొత్త పెట్రోలు కార్లకు ఇది విధింపబడెను. సీసము ఈ పూతను కప్పి చెఱచును గనుక సీసములేని పెట్రోలును గూడ అప్పుడే ప్రవేశపెట్టిరి. 2000 సంవత్సరమున సీసపు పెట్రోలు దేశమంతటను నిలిచిపోయెను. 2020 ఏప్రిల్‌నుండి భారత్ స్టేజి 6 నియమములు అమలులోనికి వచ్చెను.

ఇక వ్యాధినిర్ణయము. కారులో ఇంజను దీపము వెలుగును. మిస్త్రీ యంత్రము తగిలించి చూడగా పి 0420 అను సంకేతము కానవచ్చును. వెంటనే "పెట్టె పోయినది, మార్చవలె" నని తీర్పు చెప్పుట పలుచోట్ల వాడుకయైనది. ఫిర్యాదు కాగితమును జూచి, సాక్షులను విచారింపకయే శిక్ష విధించు న్యాయాధిపతిని ఎవరైన మెచ్చుకొందురా? ఆ సంకేతము ఫిర్యాదు మాత్రమే. పెట్టె పనితనము తగ్గినట్లు తోచుచున్నదని మాత్రమే అది చెప్పును. పెట్టెకు వెనుకనున్న ఆక్సిజన్ సెన్సారు చెడినను, పొగగొట్టమున చిల్లి పడి బయటి గాలి లోనికి జొచ్చినను అదే సంకేతము రావచ్చును.

కావున మొదట చిల్లులను వెదకవలయును. పిమ్మట రెండు సెన్సారులను పోల్చి చూడవలయును. సాధారణముగా ముందుదాని కొలత వడివడిగా మాఱుచుండును. పెట్టె బాగున్నచో వెనుకదాని కొలత నిలకడగా నుండును. రెండును ఒకే తీరున ఆడుచుండి, వెనుక సెన్సారు మంచిదే యని తేలినచో పెట్టెయే దోషి. చల్లారిన పెట్టెను మెల్లగా తట్టినపుడు గలగలలాడినచో లోని దిమ్మె పగిలినదని యెఱుగవలయును. బండి ఎక్కుడు వద్ద బలహీనపడినచో, ముందు సెన్సారు తీసిన రంధ్రమున గేజిని బిగించి పొగ యొత్తిడిని కొలిచినయెడల పెట్టె పూడినదో లేదో తేలిపోవును.

దోషము రుజువైనను తొందర కూడదు. పెట్టె ఏల చెడెను? చెడిన స్పార్కు ప్లగ్గు వలన కాలని పెట్రోలు పెట్టెలోనికి వచ్చి అచ్చటనే మండి దిమ్మెను కరగించును. ఇంజను ఆయిలు కాల్చుచున్నచో దాని మలినము పూతను కప్పును. ఈ మూలకారణము దిద్దక మార్చిన క్రొత్త పెట్టెయు అనతికాలముననే పాడగును. కారణము దిద్దిన పిమ్మట, గొట్టము పూర్తిగా చల్లారనిచ్చి, త్రుప్పు పట్టిన బోల్టులకు ఆయిలు పట్టించి విప్పవలయును. బండి స్టేజికి తగిన పెట్టెనే క్రొత్త గాస్కెట్లతో బిగించవలయును. సంకేతమును చెరిపి, కొన్ని దినములు నడపి, అది మరల రాలేదని చూచిన పిమ్మటనే పని ముగిసినట్లు.

కొందఱు ఖర్చునకు వెఱచి దిమ్మెను పొడిచి తీసి, ఖాళీ డబ్బాను మరల బిగించుచున్నారు. ఇది పొరుగువాని ఊపిరితిత్తులను తాకట్టు పెట్టి మన జేబును కాపాడుకొనుట. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 190(2) సెక్షను ప్రకారము, వాయుకాలుష్య ప్రమాణములను మీఱిన బండిని నడపినవారికి, నడప నిచ్చినవారికి మొదటి నేరమునకే మూడు మాసముల వరకు ఖైదు గాని, 2019 సవరణ ననుసరించి పదివేల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మూడు మాసములు లైసెన్సునకు అనర్హతయు కలుగును.

ఇంకొక నష్టమును దేశాభిమానులు గమనింపవలయును. ప్లాటినము, పల్లాడియములకు మనము ముఖ్యముగా విదేశములపైననే ఆధారపడియున్నాము. ప్రపంచమున వీని యుత్పత్తిలో దక్షిణాఫ్రికా, రష్యాలు అగ్రస్థానమున నున్నవి. అంత దూరమునుండి డబ్బు పోసి తెచ్చుకొన్న లోహమును, పాత పెట్టె రూపమున, ఇనుప తుక్కు ధరకు వదలుకొనువారిని ఏమనవలెను? విప్పిన పెట్టె బండి యజమానిది. దానిని అడిగి తీసికొనుట ఆతని హక్కు. లోహములను వెలికిదీయు అనుమతి గల వారికి తగిన వెలకు అప్పగించుట ఆతని విధి.

గ్రంథాలయములకు, పఠనమందిరములకు వచ్చు సోదరులు ఈ నాలుగు ప్రశ్నలను కాగితముపై వ్రాసి గోడకు అంటింపుడు: చిల్లి చూచితిరా? సెన్సారులను పోల్చితిరా? మూలకారణము దిద్దితిరా? పాత పెట్టె యెచ్చట? గ్యారేజీలో ఈ ప్రశ్నలు మర్యాదగా అడుగుడు. నిపుణుడైన మిస్త్రీ సంతోషముతో బదులిచ్చును. తడబడువాడు పని నేర్చుకొనును. బండ్లను తయారుచేయ నేర్చిన యూరు వాని పొగను శుద్ధిగా నుంచుటయు నేర్చుగాక!