తివాచీ వీపు

మా అమ్మాయికి కిందటి సంవత్సరం హైదరాబాదులో ఉద్యోగమైంది. రెండు గదుల వాటా అద్దెకు తీసుకుంది. మొన్న పండక్కి వచ్చినప్పుడు, "నాన్నా! ముందుగదిలోకి ఇరానీ ఉన్నితివాచీ ఒకటి కొందామనుకుంటున్నాను. నువ్వొచ్చి చూసిపెట్టాలి. మనింట్లో ఉందిగా, నీకైతే తెలుస్తుంది" అంది.

నేను పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "వెళ్ళి రండి. మీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?" అంది. ఆ మాటలోని శ్లేష అమ్మాయికి అందలేదు. తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి గనుక నాకు అందింది.

సంగతేమిటంటే, మా ఇంట్లో ఉన్నది ఇరానీ తివాచీ కాదు. 12 ఏళ్ళ కిందట ఒక పెద్ద దుకాణంలో 40 వేలు పోసి కొన్నాను. మా ఆవిడ గాజులకని దాచుకున్న డబ్బది. ఆవిడ పుట్టిల్లు ఏలూరు. పారశీకం నుంచి వచ్చిన నేతగాళ్ళు ఆ ఊరికి తివాచీ విద్య తెచ్చారని ప్రతీతి. "గేదెను పొదుగు చూసి, తివాచీని వీపు చూసి కొనాలి" అనేవారు మా మామగారు. అలాంటి ఊరి అల్లుణ్ణి నేను! ఆ రోజు దుకాణంలో మా ఆవిడ మెల్లిగా, "ఒక్కసారి తిరగేసి చూద్దామండీ" అంది. వర్తకుడు నవ్వాడు. అతని ముందు చిన్నబోవడం ఇష్టం లేక, "నీకేం తెలుసు, ఊరుకో" అన్నాను. ఊరుకుంది.

మూడేళ్ళు తిరిగేసరికి తివాచీ ఎత్తి ఊడ్చినప్పుడల్లా కింద తెల్లటి పొడి కనబడసాగింది. వీపున ఉన్న గుడ్డను ఒక మూల విప్పి చూశాను. లోపల ఎండిపోయిన జిగురు! ఉన్నిపోగుల్ని పిస్తోలులాంటి పనిముట్టుతో గుడ్డలోకి పొడిచి, వెనక రబ్బరుజిగురు పూసి, దానిమీద మరో గుడ్డ అంటిస్తారట. దీన్ని టఫ్టింగ్ అంటారు. మనిషి చేత్తో పట్టుకుని చేస్తాడు గనుక "చేతిపని" అన్న మాట అబద్ధం కాదు. ముడి మాత్రం ఒక్కటీ ఉండదు. జిగురు నిలిచినన్నాళ్ళే దాని ఆయుష్షు. ఇది తెలిసి కూడా, ఇంటికొచ్చిన వాళ్ళందరికీ "ఇరానీదండీ" అనే చెబుతూ వచ్చాను.

ఆ సిగ్గే నాచేత తివాచీల గురించి చదివించింది. అసలు తివాచీని మగ్గం మీద ముడి తరవాత ముడి వేసి నేస్తారు. చిన్న ఉన్నిపోగును రెండు పడుగుదారాలకు చుట్టి తెగ్గోస్తారు. వరస పూర్తికాగానే పేకదారం దూర్చి, దువ్వెనలాంటి దానితో దిమ్మిస్తారు. అందుకే ముందున్న పువ్వు వెనక కూడా ముడి ముడికీ కనిపిస్తుంది. వరసలు కాస్త హెచ్చుతగ్గుగా ఉంటే అది మనిషి చెయ్యి. గీత గీసినట్టుంటే యంత్రమని అనుమానించాలి. చివర్ల కుచ్చు పడుగుదారాల కొసలే కావాలి. విడిగా కుట్టిందైతే కారణం అడగాలి.

వెనక ఒక అంగుళంలో అడ్డంగా 12, నిలువుగా 12 ముడులుంటే చదరపు అంగుళానికి 144. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల తివాచీకి సుమారు 5 లక్షల ముడులు. రోజుకు 8 వేలు వేసినా ఒక మనిషికి రెండు నెలల పని! అలాగని ముడులు తక్కువైతే నాసి అనుకోరాదు. ఇస్ఫహాన్, కుమ్ తివాచీల సన్నని లతలకు దట్టమైన ముడులు కావాలి. హెరిజ్ వాళ్ళ పెద్ద పెద్ద కోణాల బొమ్మలకు అన్ని అక్కర్లేదు. అవి ముతకవైనా గట్టివి.

ఇక ఉన్ని. బతికున్న గొర్రె నుంచి కత్తిరించిన ఉన్నిలో సహజమైన జిడ్డు, మెరుపు ఉంటాయి. చచ్చిన గొర్రె తోలు నుంచి ఊడదీసింది పొడిగా ఉండి, రాలిపోతుంది. ఒక పోగు కాల్చి చూస్తే ఉన్ని వెంట్రుక కాలిన వాసన వేసి బూడిదవుతుంది; ప్లాస్టిక్ దారం కరిగి ఉండకడుతుంది. తడిపిన తెల్లగుడ్డతో రుద్దితే రంగు నిలకడ తెలుస్తుంది.

మోసపోయేది నాబోటివాళ్ళే కాదు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అర్దబీల్ తివాచీని 1893లో 2 వేల పౌన్లకు కొన్నది. విలియం మోరిస్ అంతటివాడు కొనమని చెప్పాడు. క్రీ.శ. 1539-40కి సరిపోయే హిజ్రీ సంవత్సరం దానిలోనే నేసి ఉంది. కాని దానికి జోడు తివాచీ ఒకటి ఉన్నదనీ, ఆ జోడు ముక్కలతోనే దీన్ని బాగుచేశారనీ వర్తకులు చాలాకాలం గుట్టుగా ఉంచారు. ఆ జోడు ఇప్పుడు లాస్ ఏంజెలెస్ మ్యూజియంలో ఉంది. తివాచీకి అతుకు ఉండటం తప్పు కాదు, దాన్ని దాచడం తప్పు.

అమ్మాయితో హైదరాబాదు వెళ్ళాను. దుకాణదారు పరిచిన ప్రతి తివాచీనీ "తిరగెయ్యండి" అన్నాను. ఒకదానికి వీపున గుడ్డ ఉంది. మరొకదానికి కుచ్చు కుట్టి ఉంది. మూడోది హమదాన్ దగ్గరి పల్లెనేత, పాతది. దాని వెనక అరచేతంత అతుకును దుకాణదారు తనంతట తనే చూపించి ధర తగ్గించాడు. అదే తీసుకున్నాం.

అప్పుడు అమ్మాయి, "మనింటి దానికి వెనక ఎలా ఉంటుంది నాన్నా?" అంది.

దుకాణదారు వింటూనే ఉన్నాడు. "గుడ్డ అంటించి ఉంటుందమ్మా. అది ఇరానీది కాదు. మీ అమ్మ ఆ రోజే తిరగేసి చూద్దామంది. నేనే వినలేదు" అన్నాను.

రాత్రి ఇంటికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఇన్నాళ్ళకు తిరగేశారన్నమాట!" అంది.

మా ఇంటి తివాచీ ఇంకా ముందుగదిలోనే ఉంది. ఇప్పుడెవరైనా అడిగితే ఉన్నమాటే చెబుతున్నాను. గాజుల బాకీ మాత్రం ఇంకా తీరలేదు.