ఆదివారపు ఉలి

2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఆళ్ళగడ్డ శిల్పులకు పేరెన్నిక గన్న ఊరు. అచట రాతికి రూపమిచ్చు చేతులను కొనియాడు మనమే, నంద్యాలలో మన ఇంటి తలుపు సవరింపవచ్చిన వడ్రంగితో కూలికి బేరమాడుదుము. ఇది న్యాయమా?

ఉపాధ్యాయులారా, విద్యార్థులారా! ఒక ఆదివారము ఉలి చేతబట్టి చిన్న పీట చేసి చూడుడు. లెక్క తప్పినచో పలక తుడిచి మరల వ్రాయవచ్చును. కోత తప్పిన చెక్క మరల అతకదు. పచ్చిచెక్క ఆరినకొలది కుంచించుకొని వంగుననియు, నారకెదురుగా చిత్రిక పట్టిన పెచ్చులు లేచుననియు చేతికి తెలిసిననాడే చదువు ఒంటబట్టును.

1937లో వార్ధా సభలో గాంధీజీ చేతిపనిని చదువునకు కేంద్రముగా నిలుపుమనెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 నుండి 8వ తరగతి వరకు గల పిల్లలు 10 దినములు పుస్తకాల సంచి విడిచి, వడ్రంగివంటి పనివారి చెంత నేర్వవలెనన్నది. ఆ దినములు విహారయాత్రలుగా ముగిసిపోరాదు.

మీ మొదటి పీట కుంటిదే కావచ్చును. కాని దానిపై కూర్చున్నవాడు వడ్రంగి కూలిలో ఒక్క రూపాయియు తగ్గింప సాహసింపడు.