సారా వార్తకు జైలు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో నాటుసారా అమ్మకాలపై వార్త రాసిన ఆనందబజార్ పత్రిక విలేకరి దేబమాల్య బాగ్చీని 2023 సెప్టెంబరు 6న పోలీసులు అరెస్టు చేశారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద వచ్చిన ఫిర్యాదును అందుకు ఆధారంగా చూపారు. ఎడిటర్స్ గిల్డ్ ఆందోళన వ్యక్తం చేసింది. వారం దాటాక గానీ బెయిలు రాలేదు. ఆ అరెస్టు ముమ్మాటికీ తప్పు.

ఆ చట్టంతో మాకు పేచీ లేదు. కులం పేరుతో అవమానపడ్డవారికి అది పెద్ద ఆసరా. ఫిర్యాదు ఎవరిమీద వచ్చినా పోలీసులు విచారించాల్సిందే, విలేకరికి మినహాయింపు అక్కర్లేదు. కానీ ఊళ్లోనే ఉంటూ, పొద్దున లేస్తే వార్తల కోసం పోలీస్ స్టేషన్ మెట్లెక్కే మనిషి ఎక్కడికి పారిపోతాడు? నోటీసిచ్చి పిలిస్తే రాడా? అరెస్టు చేసే అధికారం ఉండటం వేరు, చేయాల్సిన అవసరం ఉండటం వేరని జోగిందర్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 1994లోనే తేల్చింది. ఇక్కడ ఆ అవసరం మాకు కనిపించలేదు.

సర్కారు వారి కథనం ఎలా తిరగబడుతుందో ఈ ఊరికి బాగా తెలుసు. 1931 సెప్టెంబరు 16 రాత్రి ఇక్కడి హిజ్లీ నిర్బంధ శిబిరంలో జరిగిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. తప్పంతా ఖైదీలదేనన్నట్టు ప్రభుత్వం ప్రకటన ఇచ్చింది. సుభాస్ చంద్రబోస్ హిజ్లీకి వచ్చారు, టాగూర్ కలకత్తా సభలో నిలదీశారు. చివరికి ప్రభుత్వం వేసిన విచారణ సంఘమే ఆ కాల్పులు సమర్థనీయం కావని చెప్పాల్సి వచ్చింది. అప్పటి ఆ శిబిరం భవనం ఇప్పుడు ఐఐటీ ఆవరణలో మ్యూజియం.

బెంగాలీ పత్రిక గొడవ మనకెందుకని ఖరగ్‌పూర్‌లోని నీంపురా, మథురాకాటీ తెలుగువాళ్లు అనుకోవడానికి లేదు. రైల్వే క్వార్టర్ పైకప్పు కారుతోందని రాసేది కోల్‌కతాలో కూర్చున్న ఎడిటర్ కాదు, ఊరి విలేకరే. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఆ నిర్ణయం ఏ ఆఫీసు బల్ల దాకా వచ్చిందో ఆరా తీయాలన్నా అతనే కావాలి. అతను భయపడితే నష్టపోయేది మనమే.

పోలీసులను తిట్టి చేతులు దులుపుకుంటే సగమే చెప్పినట్టు. మన తెలుగు పత్రికల సంగతే చూడండి. మండల కంట్రిబ్యూటర్లలో చాలామందికి జీతం ఉండదు, అచ్చయిన వార్తకు లైన్ల లెక్కన డబ్బులిచ్చే లైన్ అకౌంట్ ఉంటుంది. పైగా పండక్కి యాడ్స్ టార్గెట్. పొద్దున కాంట్రాక్టర్ వేసిన రోడ్డు మీద గుంతలు ఫొటో తీసిన కుర్రాడే, సాయంత్రం అదే కాంట్రాక్టర్ ఇంటికెళ్లి సంక్రాంతి శుభాకాంక్షల ప్రకటన అడగాలి. ఆ ఫొటో అచ్చవుతుందా? ఏ పోలీసూ రాకుండానే వార్త చచ్చిపోయే చోటు ఇది. మానేయొచ్చు కదా అంటారా? నార్ల వెంకటేశ్వరరావు 1959లో యాజమాన్యంతో పడక ఆంధ్రప్రభను వదిలేశారు, మరుసటి ఏడాది ఆంధ్రజ్యోతికి సంపాదకులయ్యారు. నార్ల కాబట్టి చెల్లింది. కంట్రిబ్యూటర్ మానేస్తే మర్నాటికి ఆ చోట ఇంకొకడుంటాడు.

కాబట్టి వార్తపై ఫిర్యాదు వచ్చినప్పుడు పోలీసులు ముందు నోటీసిచ్చి విచారించాలి. అరెస్టు తప్పదనుకుంటే కారణాలు రాతపూర్వకంగా బయటపెట్టాలి. పత్రికలు ఊరి విలేకరికి నెల జీతం ఇవ్వాలి, కేసు పడితే లాయర్ ఖర్చు భరించాలి. ప్రకటనల వేటను అతని నెత్తిమీద నుంచి దించి ప్రకటనల విభాగానికి అప్పగించాలి, అదీ వచ్చే సంక్రాంతి టార్గెట్లు జిల్లాలకు చేరకముందే.