సెలవులలో ఇంట చూడదగిన పాతచిత్రములు

క్రిస్మసు సెలవులు సమీపించినతోడనే ప్రతి గృహమందును ఒక ప్రశ్న పుట్టును. ఈ కొలది దినములును పిల్లలకు వినోద మెట్లు? క్రొత్తచిత్రమునకు కుటుంబమంతయు వెళ్లవలెనన్న టిక్కెట్లు, ప్రయాణము, విరామసమయమున తినుబండారములు, అన్నియు కలిసి సామాన్యుని నెలజీతములో తగినంత భాగమును హరించును. ఇంటనే యుందమన్న, తండ్రిచేతిలో నొక ఫోను, తల్లిచేతిలో నొకటి, పిల్లలచేతిలో మరియొకటి. ఒక్క కప్పు క్రింద నలుగురును నాలుగు లోకములం దుందురు. మొదటి పద్ధతివలన ధనమును, రెండవదానివలన సహవాసమును పోగొట్టుకొనుచున్నాము. ఈ రెంటికి నడుమ మరియొక మార్గము కలదని మా యభిప్రాయము. కాలపరీక్షకు నిలిచిన పాతచిత్రము నొకదానిని ఎన్నుకొని, ఇంటిల్లిపాదియు ఒక్కచోట కూర్చుండి చూచుటయే ఆ మార్గము.

“చౌకగా వచ్చునుగాన పాతవి చూడుమనుచున్నారా?” యని విద్యార్థులు కొందరు నవ్వవచ్చును. చౌకదనము లోపము కాదనుటకు ఒక చిత్రముయొక్క చరిత్రయే సాక్ష్యము. ఫ్రాంక్ కాప్రా దర్శకత్వమున, జేమ్స్ స్టూవర్టు నాయకుడుగా తయారైన “ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్” 1946 డిసెంబరులో అమెరికాలో విడుదలయ్యెను. ఆస్కారు బహుమతులకై అయిదు విభాగములలో దాని పేరు సూచింపబడెను గాని, ఆ యైదింటిలో ఒక్కటియు దానికి దక్కలేదు. పెట్టుబడికి తగిన లాభమును రాలేదు. నాటి అమెరికా చట్టము ననుసరించి ఇరువదియెనిమిది సంవత్సరములకు ప్రచురణహక్కును మరల నమోదు చేయించుకొనవలసి యుండెను. ఆ పని జరుగకపోవుటచే 1974లో ఆ చిత్రముపై హక్కు చెల్లిపోయెను. అంతట టెలివిజను కేంద్రములవారు, రుసుము చెల్లింప నక్కరలేదుగదా యని, ప్రతి క్రిస్మసుకును దానిని పలుమారులు ప్రసారము చేయసాగిరి. జనులు తమ యిండ్లలో పిల్లలతో కూర్చుండి ఏటేట చూచి, దానిని పండుగలో నొక భాగముగా చేసికొనిరి. 1990లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో దానికి స్థానము లభించెను. తరువాత, 1993లో, మూలకథపైనను సంగీతముపైనను గల హక్కుల నాధారము చేసికొని స్వామ్యమును తిరిగి స్థాపించిరి. వ్యాపారులు పట్టించుకొనని వస్తువును గొప్పదిగా గుర్తించినవి సామాన్యగృహములే యని ఈ చరిత్ర తెలుపుచున్నది.

ఇక కథ యందురా, అదియు పెద్దలును పిన్నలును కలిసి ఆలోచింపదగినదే. ఒక చిన్నపట్టణమున పేదలకు ఇండ్లు కట్టుకొనుటకు అప్పిచ్చు సంస్థను నడుపు జార్జి బెయిలీ, తన కోరికలన్నియు మానుకొని ఊరివారికై పాటుపడును. క్రిస్మసు ముందునాడు సంస్థవారి ఎనిమిదివేల డాలర్లు పోవుటచే అతడు నిరాశచెంది ప్రాణము తీసికొన నిశ్చయించును. అతడు పుట్టియే యుండనిచో ఆ యూరేమై యుండునో ఒక దేవదూత అతనికి చూపును. తుదకు ఊరివారే తలకొంచెము తెచ్చి అతని కష్టమును తీర్తురు. ఆ సొమ్మును కాజేసిన ధనికుడు మాత్రము శిక్ష పొందడు. “ఇది న్యాయమా?” యని పిల్లలు తప్పక అడుగుదురు. ఆ ప్రశ్నకు తలిదండ్రులు ప్రక్కనుండి బదులు చెప్పవలయును; ఫోను చెప్పజాలదు.

1947 నాటి “మిరకిల్ ఆన్ థర్టీఫోర్త్ స్ట్రీట్” గంటన్నరకు మించి కొలది నిమిషములే నడచును గాన చిన్నపిల్లలున్న యింటికి అనువైనది. తానే క్రిస్మసు తాతనని చెప్పుకొను వృద్ధుని విషయము అందు న్యాయస్థానమున విచారణకు వచ్చును. ఆ పాత్ర ధరించిన ఎడ్మండ్ గ్వెన్ దానికే ఆస్కారు బహుమతి పొందెను. డికెన్సు 1843లో ప్రకటించిన “ఎ క్రిస్మస్ కెరల్” కథను పై తరగతులవా రెరిగియే యుందురు. ఆలస్టేర్ సిమ్ లోభిగా నటించిన 1951 నాటి చిత్రమును చూచి, పుస్తకముతో పోల్చుట మంచి చదువు.

ఆంగ్లము రానివారి గతి యేమని అవ్వలును తాతలును అడుగవచ్చును. వారికి మన భాషలోనే “మిస్సమ్మ” కలదు. ఎల్.వి. ప్రసాదు దర్శకత్వమున విజయావారు నిర్మించిన ఈ చిత్రము 1955 జనవరిలో, సంక్రాంతి దినములలో విడుదలైనది. మేరీ యను క్రైస్తవయువతియు, రావను హిందూయువకుడును ఉద్యోగములకై భార్యాభర్తలమని చెప్పుకొని ఒక పల్లెబడిలో ఉపాధ్యాయులుగా చేరుదురు. దంపతులకే ఉద్యోగమిత్తుమని బడివారి ప్రకటన! సావిత్రి కోపమును, రామారావు ఓర్పును, రేలంగి హాస్యమును చూచి నవ్వనివా రుండరు. అయినను, బీదవాడు పొట్టకై ఆడిన అబద్ధము ఎంతవరకు క్షమింపదగినది, రెండు మతములవారు ఒకరి నొకరు ఎట్లు గౌరవింపవలె నను ప్రశ్నలు ఆ నవ్వు వెనుక నిలిచియే యున్నవి.

చౌక యనగా దొంగప్రతి యని యెవ్వరును భావింపరాదు. నిన్న విడుదలైన చిత్రమును దొంగచాటుగా తెచ్చి పిల్లలకు చూపు తండ్రి, కొన్ని రూపాయలు మిగిల్చుకొని, పరులసొమ్ము తీసికొనుట తప్పుకాదను పాఠమును వారికి నేర్పుచున్నాడు. ఆ యవసరమును లేదు. పాత తెలుగుచిత్రములను పెక్కింటిని హక్కుదారులే అంతర్జాలమున రుసుము లేక ఉంచుచున్నారు. పండుగదినములలో టెలివిజనులోను అవి వచ్చుచుండును. ఆంగ్లచిత్రము నొకదానిని అద్దెకు తీసికొన్నను, ఇరుగుపొరుగు కుటుంబమును పిలిచి కలిసి చూచినచో తలకు పడు వ్యయము స్వల్పము. వేయించిన వేరుసెనగలును, ఇంట చేసిన అరిసెలును ఉండగా విరామమునకు వేరు ఖర్చేల?

నలుపు తెలుపు చిత్రములు మెల్లగా నడచునని, విసుగు పుట్టించునని బాలురు ఫిర్యాదు చేయుదురు. మొదటి పావుగంట అట్లే తోచుట నిజమే. ఆ పావుగంట ఓపిక పట్టుడని వారిని కోరుచున్నాము. తలిదండ్రులను కోరునది అంతకన్న పెద్దది. పిల్లలను తెరముందు కూర్చుండబెట్టి తాము వేరుపనికి పోరాదు. ఫోనులన్నియు, తమవి మొదలుకొని, ఒక బుట్టలో వేసి అలమారలో పెట్టవలయును. ఆంగ్లచిత్రమైనచో కథను ముందుగా తెలుగున నాలుగు మాటలలో చెప్పవలయును. ముగిసిన పిమ్మట వెంటనే దీపమార్పక, అందరిలో చిన్నవానిని మొదట మాటలాడనిచ్చి, ఎవరి కేమి తోచెనో వినవలయును.

పండుగనాటి క్రొత్తబట్టలు ఏడాదికి పొట్టివగును. అమ్మమ్మతో కలిసి నవ్విన నవ్వును పిల్లలు పెద్దవారైనను తలచుకొందురు. ఈ సెలవులలో ఒక్క సాయంకాలమైన ఇట్లు గడిపి చూడుడని మా పాఠశాల కుటుంబములనన్నిటిని కోరుచున్నాము.