గ్లాసులు వాళ్ళవి, బజ్జీలు మనవా?

ఆదివారం రాత్రి హాల్లో మగవాళ్ళు నలుగురు సీసా ముందు కూర్చుంటే, వంటింట్లో ఆడవాళ్ళం ఏం చేస్తాం? ఐసు ట్రేలు నింపుతాం. మంచింగ్ కావాలంటే జీడిపప్పు వేయిస్తాం, వాయి మీద వాయి బజ్జీలు దించుతాం. పదకొండు దాటాక ఆ కంపుకొట్టే గ్లాసులు కడిగేదీ మనమే. ఇంత జరిగినా సంస్కృతికి ఏ లోటూ రాదు. అదే ఇల్లాలు తన కోసం ఒక్క గ్లాసు కలుపుకుంటే మాత్రం కొంప మునిగిపోతుందట!

నేను కలుపుకుంటాను. ఏ రెండు నెలలకో ఒకసారి, మా ఆయనకొకటి, నాకొకటి. సంగతి తెలిసి మా పెద్దాడపడుచు "ఇదేం పోయేకాలం?" అన్నారు. ఆవిడ తమ్ముడు ఇరవయ్యేళ్ళుగా తాగుతున్నారు. ఆ పోయేకాలం ఆవిడకి ఒక్కనాడూ కనబడలేదు.

నేను కలిపేదాని పేరు హ్యాంకీ ప్యాంకీ. దాన్ని తయారుచేసింది ఎవరనుకున్నారు? ఒక ఆడమనిషే. పేరు ఏడా కోల్మన్. లండన్ సవాయ్ హోటల్లోని అమెరికన్ బార్‌లో 1903 నుంచి ఇరవయ్యేళ్ళకు పైగా ఆవిడే పెద్ద. నటుడు చార్లెస్ హాట్రీ అలసిపోయి వచ్చి కాస్త పట్టుగా ఉండేదేదైనా ఇమ్మంటే ఆయన కోసం కలిపిందట. 1930లో ఆ హోటల్ వేసిన కాక్‌టెయిల్ పుస్తకంలో కూడా అది చేరింది. మన దేశంలోనో? మద్యం పోసేచోట ఆడవాళ్ళకు ఉద్యోగం ఇవ్వకూడదన్న 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టపు నిబంధనను సుప్రీంకోర్టు కొట్టేసే సరికి 2007 వచ్చింది.

చేసే పద్ధతి సులువే. జిన్ 45 మి.లీ., తియ్యటి ఎర్ర వెర్మూత్ 45 మి.లీ., ఫెర్నెట్ బ్రాంకా అర టీస్పూనుకు కాస్త తక్కువ. పండ్లరసం పడేవాటినైతే మూతపెట్టి గిలకొడతారు. దీన్ని గిలకొడితే గాలి చేరి మసకబారుతుంది. అందుకని పెద్ద ఐసుముక్కలు వేసి, పొడుగాటి చెంచాతో అర నిమిషం నిదానంగా తిప్పాలి. ఐసు చల్లబరచడమే కాదు, కొంచెం కరిగి ఘాటును లొంగదీస్తుంది. ఆ నీళ్ళూ లెక్కలోవే. తర్వాత వడకట్టి, పైన కమలా తొక్క నొక్కితే దాని నూనె వాసన గ్లాసంతా పరుచుకుంటుంది.

ముందు వెర్మూత్ తీపి తగులుతుంది. దాని వెనకే జిన్‌లోని జూనిపర్ ఘాటు, ధనియాల వాసన. అవును, చాలా జిన్‌లలో మన ధనియాలే పడతాయి. మింగాక ఫెర్నెట్ చేదు కషాయంలా నాలుక చివర నిలబడుతుంది. వెర్మూత్‌కి పేరిచ్చిన మొక్క కూడా మన వినాయక చవితి మాచిపత్రికి దగ్గర చుట్టమే. కాకరకాయ వేపుడూ ఉగాది వేపపువ్వూ తిని పెరిగినవాళ్ళం మనం. మనకి "లేడీస్ డ్రింక్" అంటూ తియ్యటి రంగునీళ్ళు అంటగట్టడం ఏం మర్యాద?

ఇది మెత్తటి పానీయమేమీ కాదు. గ్లాసు చిన్నదే అయినా రెండు చిన్న పెగ్గుల పెట్టు. అందుకే ఒక్కటి కలిపి, సీసాలు బీరువాలో పెట్టేస్తాను. కొలిచి కలిపేవాళ్ళకి ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

"దూబగుంట ఆడవాళ్ళ పోరాటం మరిచావా?" అని ఒకరు అడిగారు. మరవలేదు. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారా పాటల్ని అడ్డుకుని నిలబడ్డారు కాబట్టే 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధించారు. వాళ్ళు తిరగబడింది కూలిడబ్బులు సారా దుకాణానికి పోయి, ఇంట్లో పిల్లలు పస్తులుండి, పైగా తన్నులు తినాల్సి వచ్చినందుకు. తాగేవాడికి మూకుడు పెట్టి బజ్జీలు వేసిపెట్టమని ఆ తల్లులు చెప్పలేదు. వాళ్ళ పేరు చెప్పి నన్ను నోరు మూసుకోమనేవాళ్ళు, ముందు హాల్లోని సీసాకి మూత పెట్టి రావాలి.

ఇక మన సంస్కృతి కాదనేవాళ్ళకి ఒక్క మాట. డిగ్రీలో తెలుగు చదివినవాళ్ళెవర్నైనా అడగండి, కావ్యంలో ఉండాల్సిన అష్టాదశ వర్ణనల్లో మధుపానం కూడా ఒకటి. ఆ వర్ణనల్లో ప్రియులతో కలిసి తాగేది ఆడవాళ్ళే. పద్యంలో ఉంటే రసం, ఇంట్లో ఉంటే పాపమా?

తాగమని నేనెవరికీ చెప్పడం లేదు. ఒంటికి పడనివాళ్ళు, ఇష్టంలేనివాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు దాని జోలికి పోనక్కర్లేదు. మీ ఇంటికి సీసాయే రాకూడదనుకుంటే నేను మీ పక్షమే. కానీ వచ్చిన సీసాని మగవాళ్ళకి సరదాగా, ఆడవాళ్ళకి సిగ్గుమాలినతనంగా లెక్కగడితే మాత్రం ఒప్పుకోను. వద్దంటే ఇద్దరికీ వద్దనండి.