పెట్టె మీది ముప్పై అయిదు మైళ్ళు

నవంబరు వచ్చి మస్కట్‌లో ఎండ కాస్త తగ్గిందంటే చాలు, మనవాళ్ళ ఇళ్ళలో వారాంతం ప్రయాణాల మాటలు మొదలవుతాయి. ఎవరెవరికి ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంది, వహీబా ఇసుకకి వెళ్దామా జెబెల్ షమ్స్ ఎక్కుదామా, పులిహోర ఎవరు తెస్తున్నారు... ఇలా అన్నీ తేలాక చివర్లో ఎవరో ఒకరు వాకీ టాకీల జత బయటికి తీస్తారు. సాధారణంగా అది అమెరికా నుంచి సెలవుల్లో వచ్చిన తమ్ముడి సూట్‌కేసులో దిగిన సరుకు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో '35 మైళ్ళ వరకు' అని రాసి ఉంటుంది. దాంతో అందరికీ ధైర్యం వచ్చేస్తుంది. నా గొడవంతా ఆ ధైర్యంతోనే.

35 మైళ్ళంటే 56 కిలోమీటర్లు. కంపెనీ వాళ్ళది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఒకరు కొండ మీద, ఒకరు లోయలో ఉండి, మధ్యలో చెట్టూ పుట్టా లేకపోతే అది సాధ్యమే. మనం నిలబడేది మాత్రం నేల మీద. ఈ రేడియోలు వాడే వి.హెచ్.ఎఫ్., యు.హెచ్.ఎఫ్. తరంగాలు దాదాపు చూపులాగే తిన్నగా పోతాయి. భూమి గుండ్రం కాబట్టి వాటికీ ఒక దిగంతం ఉంది. ఆంటెనా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఆ దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. మూతి దగ్గర పట్టుకున్న రేడియో ఎత్తు మీటరున్నర అనుకుంటే 5 కిలోమీటర్లు. అవతలి మనిషికీ అంతే. రెండూ కలిపి 10. బల్లపరుపు నేల మీద ఇది పై హద్దు. అసలు అనుభవంలో దొరికేది ఇంకా తక్కువ.

ఇక్కడే మన ఇంజనీరు బుర్రకి తట్టే మొదటి ఉపాయం వాట్లు పెంచడం. "అర వాటుది కాకుండా అయిదు వాట్లది కొందామండీ, పదింతలు పోతుంది" అంటారు. లెక్క చూద్దాం. చదును నేల మీద దూరం బాగా పెరిగినప్పుడు, నేల మీద పడి తుళ్ళి వచ్చే తరంగం నేరుగా వచ్చేదాన్ని చాలావరకు కొట్టేస్తుంది. అందువల్ల దూరం రెట్టింపయితే అందే శక్తి నాలుగో వంతుకి కాదు, పదహారో వంతుకి పడిపోతుంది. అంటే పదింతల వాట్లు పెడితే పెరిగే దూరం సుమారు 1.8 రెట్లు. అదే లెక్కలో ఒక ఆంటెనా ఎత్తు రెట్టింపు చేస్తే నాలుగింతల వాట్లు పెట్టినట్టు. రేడియో పట్టుకున్న మనిషి నాలుగున్నర మీటర్ల గుట్ట ఎక్కితే మీటరున్నర కాస్తా ఆరు మీటర్లవుతుంది. పదహారింతల వాట్లు పెట్టినట్టే. దూరం రెండింతలు. ఖర్చు లేదు, బ్యాటరీ కూడా తొందరగా అయిపోదు.

తప్పుడు అల్గారిథం రాసి, నెమ్మదిగా ఉందని పెద్ద సర్వర్ కొనే మేనేజర్లని మనమంతా చూశాం, వెనకాల నవ్వుకున్నాం. వాట్ల వెంట పడటం అచ్చంగా అదే పని.

ఒమాన్‌లో ఈ లెక్క ఎలా పలుకుతుందో చూడాలంటే వహీబా ఇసుక కన్నా మంచి చోటు లేదు. బిదియా దగ్గర లోపలికి దిగితే ఇసుక దిబ్బలు ఉత్తర దక్షిణాలుగా పొడుగాటి వరసలు తీరి ఉంటాయి. కొన్ని 100 మీటర్ల ఎత్తు దాకా ఉంటాయి. వరసకీ వరసకీ మధ్య పల్లంలో బండ్లు నడుస్తాయి. ఒకే పల్లంలో ముందూ వెనకా ఉన్న బండ్లు అర వాటు రేడియోతో కూడా హాయిగా మాట్లాడుకుంటాయి. ఒక బండి దారి తప్పి పక్క పల్లంలోకి దిగిందా, రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నా మూగే. మధ్యలో ఉన్నది ఇసుక గోడ.

ఒకసారి మా నాలుగు బండ్లలో మూడోది అలాగే పక్కకి పోయి కూరుకుపోయింది. అందులో ఇద్దరు చిన్నపిల్లలు. ఫోనుకి సిగ్నలు లేదు. ముందు బండిలో ఉన్న అయిదు వాట్ల రేడియో పావుగంట పిలిచినా పలుకు లేదు. చివరికి మాతో వచ్చిన బావగారు పిల్లల బొమ్మలాంటి చిన్న రేడియో పట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, దిబ్బ ఎక్కారు. శిఖరం మీద నుంచి మొదటి పిలుపుకే జవాబు వచ్చింది. వాళ్ళ దగ్గర మిగిలిన నీళ్ళు రెండు సీసాలు.

అప్పటి నుంచి నా పట్టుదల ఒకటే. బండ్లు విడిపోయే ప్రయాణంలో ఒక మనిషి ఎత్తు మీద ఉండాలి. అందరూ ఆయనకి చెబుతారు, ఆయన అందరికీ చెబుతాడు. 100 మీటర్ల దిబ్బ మీద కూర్చున్నవాడి దిగంతం లెక్క ప్రకారం 41 కిలోమీటర్లు. ఇసుకలో దిగేముందు టైర్లలో గాలి తగ్గించడం గురించి గంటసేపు చర్చించే మనం దీని గురించి ఒక్క నిమిషం మాట్లాడుకోం.

కొండల్లో సంగతి వేరు. జెబెల్ షమ్స్ దగ్గర లోయ అంచున నిలబడితే కిలోమీటరు కింద వాడీ అడుగు కనిపిస్తుంది. కనిపించిన చోటికల్లా రేడియో పోతుంది. అదే అంచు నుంచి వంద అడుగులు వెనక్కి, బండి దగ్గరికి వచ్చి పిలవండి. బండరాయి అడ్డం, పలకదు. వాడీ బనీ ఔఫ్ లాంటి ఇరుకు దారుల్లో రెండు మలుపులు దాటితే చాలు, ఎన్ని వాట్లున్నా ఇంతే సంగతులు. వాడీలో నడిచేటప్పుడు పైన ఒకరు ఉండటానికి ఇంకో కారణం కూడా ఉంది. పై ఎగువన కమ్మే మబ్బు లోయలో ఉన్నవాళ్ళకి కనిపించదు. 2024 ఏప్రిల్‌లో ఉత్తర షర్ఖియాలో వచ్చిన వరద బడిపిల్లల్ని పొట్టన పెట్టుకుంది. వాడీ నీళ్ళు ఎంత వేగంగా వస్తాయో ఒమాన్‌లో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక చేతిలో ఉన్న రేడియోని పట్టుకునే తీరు. నిటారుగా పట్టుకోండి. ఒకరిది నిలువుగా, మరొకరిది అడ్డంగా ఉంటే పొలరైజేషన్ కుదరక చాలా శక్తి పోతుంది. సినిమా పోలీసులా నడుముకి తగిలించి మైకులో మాట్లాడితే మన ఒళ్ళే తరంగాల్ని తాగేస్తుంది. బండి లోపల కూర్చుని పిలవడం ఇనప్పెట్టెలోంచి పిలవడమే. దిగండి, లేదా అనుమతి ఉన్న రేడియో అయితే పైకప్పు మీద అయస్కాంతం ఆంటెనా పెట్టండి. ఒక చోట పలక్కపోతే ఓ మీటరు పక్కకి జరిగి చూడండి. రాళ్ళ మీద తుళ్ళిన తరంగాలు ఒక చోట ఒకదాన్నొకటి చంపుకుని, పక్కనే బతికి ఉంటాయి. ఆంటెనా మార్చగలిగే రకమైతే, 145 మెగాహెర్ట్‌జ్ దగ్గర పావు తరంగం అర మీటరు పొడుగు. చుట్ట చుట్టి జానెడు రబ్బరులో కుక్కిన ఆంటెనా దానికి సాటి రాదు.

చాలామంది ముట్టుకోని బొత్తం ఒకటుంది, మానిటర్. అది నొక్కి పట్టుకుంటే స్క్వెల్చ్ తెరుచుకుని, హోరు మధ్య సన్నగా వచ్చే గొంతు కూడా వినిపిస్తుంది. మామూలుగా రేడియో ఆ గొంతుని హోరు కింద లెక్కేసి నోరు నొక్కేస్తుంది. 'ప్రైవసీ కోడ్' అనే దాన్ని ప్రయాణంలో తీసెయ్యండి. అది రహస్యమేమీ దాచదు, కోడ్ కలవని పిలుపుని మీకు వినపడకుండా చేస్తుందంతే.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది గడియారం. అమెరికా హామ్‌లలో వైల్డర్‌నెస్ ప్రోటోకాల్ అని ఒకటుంది. ఉదయం ఏడు నుంచి ప్రతి మూడు గంటలకీ మొదటి అయిదు నిమిషాలు అందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద చెవి పెడతారు. మనం దాన్ని ప్రతి అరగంటకీ చేసుకుందాం. విడిపోయిన బండి ఆ సమయానికి దగ్గర్లోని ఎత్తు ఎక్కుతుందని రెండు వైపులా తెలిసి ఉండాలి. తెలియకపోతే ఒకరు ఎక్కినప్పుడు మరొకరు పల్లంలో ఉంటారు.

"ఇప్పుడు ఉపగ్రహంతో సందేశం పంపే ఫోన్లు వచ్చాయి కదా" అనేవాళ్ళున్నారు. మంచిదే, ఉంటే పట్టుకెళ్ళండి. అయితే ఆ సౌకర్యం ఏ దేశంలో పనిచేస్తుందో కంపెనీ జాబితాలో ముందే చూసుకోండి. పైగా అది ముందు బండికి "ఆగు, మేం దిగబడ్డాం" అని చెప్పడానికి ఉద్దేశించిన పరికరం కాదు.

రేడియోని పాతకాలపు సరదా అని తీసిపారేసే మిత్రులకి ఒక మాట. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం అండమాన్ల నుంచి వార్తలు అందించింది. వెళ్ళింది హామ్ రేడియో సరదా కోసమే, చేసింది సహాయం. సుల్తాన్ కాబూస్ కూడా హామే, ఎ41ఎఎ ఆయన పిలుపు గుర్తు.

ఒక హెచ్చరిక చేసి ముగిస్తాను. అమెరికా పెట్టెలోని రేడియో 462 మెగాహెర్ట్‌జ్ దగ్గర పనిచేస్తుంది. అక్కడ చెల్లేది ఇంకో దేశంలో చెల్లాలని లేదు. యూరప్‌లో, 2018 నుంచి ఇండియాలో లైసెన్సు లేకుండా వాడనిచ్చేది 446 దగ్గరి అర వాటు రకం. ఒమాన్‌లో ఈ వ్యవహారాలు చూసేది టెలికమ్యూనికేషన్స్ రెగ్యులేటరీ అథారిటీ. తమ్ముడికి ఫోన్ చేసి తెమ్మనే ముందు వాళ్ళని అడగండి. అనుమతి దొరికేది చిన్న రేడియోకే అయితే బెంగ పడకండి, బావగారు దిబ్బ ఎక్కింది దానితోనే.