ఉత్తరము ఆకాశమున లేదు

గోడకు వ్రేలాడుచున్న దేశపటము ముందు నిలిపి, ఉత్తరమేదని రెండవ తరగతి పిల్లవానిని అడిగినచో వాడు చేయి పైకెత్తి కప్పును చూపును. దక్షిణమేదన్నచో నేలను చూపును. ఇందు వాని తప్పేమియు లేదు. పటమున పైభాగము ఉత్తరమని చెప్పిరే గాని, ఆ ఉత్తరము బడి వెనుకనున్న చెరువు కట్ట వైపున ఉన్నదని వానికెవరును చూపలేదు. తూర్పు వాకిలి, దక్షిణపు గోడ, పడమటి వీధి యని పెద్దలు నిత్యము మాటలాడుకొను ఊరిలో పుట్టిన బిడ్డ బడిలో చేరి దిక్కులు మరచుట ఎంత వింత!

గోడ నుండి పటమును దింపి నేలపై పరచి, దాని ఉత్తరమును నిజమైన ఉత్తరమునకు త్రిప్పి, చుట్టును పిల్లలను కూర్చుండబెట్టినచో ఈ భ్రమ సగము తొలగును. తక్కిన సగము తొలగుటకు తరగతి విడిచి బయటికి నడువవలెను. బిడ్డ చదువవలసిన మొదటి పటము దేశపటము కాదు, తాను నడచు నేల పటము.

భారతదేశమును కొలిచిన మహాకార్యము సయితము ఒక్క గీతతోనే ఆరంభమైనది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు చెంత, సెయింట్ థామస్ మౌంట్ సమీపమున, నూరడుగుల ఉక్కు గొలుసుతో సుమారు ఏడున్నర మైళ్ల నేలను కొలిపించెను. తరువాతి త్రిభుజములన్నియు ఆ గీతపై నిలిచినవే. పిల్లలకు గొలుసు లేకున్నను కాళ్లున్నవి. బడి గుమ్మము నుండి రచ్చబండ వరకు అంగలు లెక్కించి, పది అంగలకొక చింతగింజ చొప్పున నేలపై పేర్చినచో స్కేలనగా నేమో వేరుగ చెప్పనక్కరలేదు. పొడుగువాని లెక్కయు పొట్టివాని లెక్కయు కుదరక వారిలో వారు తగవులాడుకొందురు. ఉపాధ్యాయుడు ఆ తగవును తొందరపడి తీర్చరాదు. కొలతకు అందరొప్పుకొను ప్రమాణమొకటి కావలెనను జ్ఞానము అందుండియే పుట్టును. ఇక సంక్రాంతికి వాకిలి నిండ వేసిన చుక్కల ముగ్గును నోటుపుస్తకమున అరచేయంతగా వేయగల బాలికకు, పెద్దదానిని చిన్నదిగ దించు విద్య అప్పటికే వచ్చును. అది గణితమేనని గుర్తించి మెచ్చుకొను గురువులు అరుదు.

జిల్లాల పేర్లు వల్లెవేయించుటయే పటబోధనమని తలచువారు ఇప్పటికిని కలరు. తెలంగాణమున 10 జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయినవి. ఆంధ్రప్రదేశమున 13 జిల్లాలు 2022లో 26 అయినవి. వల్లించిన పాఠము పాతబడినది. పటము చదువ నేర్చినవానికి మాత్రము క్రొత్త సరిహద్దులు చూచి బెదరవలసిన పని లేదు. చేతిలోని ఫోను దారి చూపుచుండగా ఈ శ్రమ యేల యని కొందరందురు. అది చూపునది పోవలసిన దారిని మాత్రమే. ఆ దారికి ఇరుప్రక్కల నివసించు మనుష్యులను గూర్చి అది పలుకదు.

అసలు చిక్కు ఇచ్చటనే ఉన్నది. పిల్లలు గీసిన ఊరిపటము చేతికి వచ్చినపుడు గీతల వంకరలకు మార్కులు తగ్గించు ఉపాధ్యాయుడు, అందు ఎవరి ఇల్లు లేదో చూడడు. గుడి ఉండును, పంచాయతీ కార్యాలయముండును, చౌకధరల దుకాణముండును. చెరువు దిగువ పల్లములోని దళితవాడ ఉండదు. కాలువగట్టు మీది యానాదుల గుడిసెలుండవు. గీసిన బిడ్డ ద్వేషముతో విడిచినది కాదు, ఆ వైపు ఎన్నడును నడువలేదు. కాని అదే బల్లపై, దాని ప్రక్కనే, ఆ వాడ నుండి వచ్చిన బిడ్డ కూర్చుండి తన ఇల్లు లేని ఊరిని చూచుచుండును. భూగోళ పాఠములోనికి కులమును ఏల తెచ్చెదరని అడుగువారికి ఆ కాగితమును చూపిన చాలును.

కావున ఇద్దరిద్దరుగా పిల్లలను పంపి, ఒకరి ఇంటి దారి మరియొకరిచే గీయింపవలెను. త్రాగునీరెక్కడ నుండి వచ్చుచున్నది, వీధిదీపము ఏ మలుపుతో ఆగిపోయినది, వానకు ముందుగ మునుగు దారి యేది అని ఆ నడకలోనే అడుగవలెను. మెరకపల్లములను గుర్తింపజేయుట అన్నింటికంటె ముఖ్యము. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలకొలది ప్రాణములను బలిగొన్నది. అట్టి తీరమున మెరకనేల ఎచ్చటనున్నదో తెలియుట పరీక్షలో మార్కుల కొరకు నేర్చునది కాదు. పటములో లేని వీధికి అందుండి బయటపడు దారియు పటములో ఉండదు. తీరగ్రామములలో తుపాను రక్షిత భవనమున్న చోట, ఊరి చిట్టచివరి ఇంటి నుండి దాని గుమ్మము వరకు ఎన్ని చింతగింజల దూరమో, ఆ ఇంటి బిడ్డయే ముందు నడచుచు తోడివారిచే లెక్కింపజేయవలెను.